సర్దారు యేసయ్య రిపోర్టు బుక్కు

గోదావరిఖనిలో యేసయ్యను ఇప్పటికీ సర్దారు యేసయ్య అనే అంటారు. బొగ్గు బాయిలో సర్దారుగా ముప్పై నాలుగేళ్లు ఆయన చేసిన పని ఒక్కటే. షిఫ్టు మొదలయ్యే ముందు పైకప్పు తట్టి చూడాలి, గాలి చూడాలి, అంతా బాగుంటే సుద్దముక్కతో గోడ మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. షిఫ్టు దిగేటప్పుడు చూసిందంతా రిపోర్టు బుక్కులో రాయాలి. నిన్నటి సుద్దగీత ఈరోజుకు చెల్లదు. రిటైరై ఆరేళ్లయినా ఆ పిచ్చి వదల్లేదు మహానుభావుడికి. ఇంట్లో గ్యాసు పొయ్యి వెలిగించాలన్నా ముందు తనిఖీ కావాల్సిందే!

ఆయన భార్య సత్యవతి చర్చిలో పాట ఎత్తుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె గొంతు లేచాకే మిగతా గొంతులు లేస్తాయి. అయితే రెండు చరణాల దాకా నోటికొస్తుంది గానీ, మూడో చరణం నుంచి పుస్తకం ఉండాల్సిందే. ఇప్పుడా పుస్తకంలోని అక్షరాలు కనబడటం లేదు. ఆపరేషన్ అయింది, అద్దాలు మారాయి, ఇక ఇంతేనన్నారు డాక్టరు. నడుమలో తడబడి నలుగురిలో నవ్వులపాలు కావడం కంటే మానుకోవడమే నయమనుకుంది. పాస్టరమ్మతో చెప్పేసింది కూడా.

"ఒక్క నెల చూస్త వదినా. కనవడకుంటే పుస్తకం నీకే అప్పజెప్త."

ఆ మాట అన్న రోజు ఆమె అన్నం తినలేదు. యేసయ్య ఆ రాత్రే కూతురికి ఫోన్ చేశాడు.

కొత్తగూడెంలో టీచరుగా ఉన్న కూతురు కెరోలిన్ వారం తిరిగాక తన కాలేజీ రోజుల ల్యాప్‌టాప్‌ను పంపింది. అది తెరుచుకునేలోపు కుక్కర్ మూడు విజిళ్లు వేసేది. అందుకని తేలికగా నడిచే లినక్స్ అనే సిస్టమ్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసింది. పాటలన్నీ టైపు చేసి మరో ఎర్ర పెన్‌డ్రైవ్‌లో పెట్టింది.

"ముందుగాల పెన్‌డ్రైవ్ మీదనే నడిపిచ్చి చూడు బాపు. నచ్చితే నేనొచ్చినంక లోపలికి ఎక్కిస్త," అని ఫోన్‌లో చెప్పింది. ఆ రెండో మాట వచ్చేసరికి యేసయ్య బటన్ వెతకడంలో మునిగిపోయాడు.

మొదటి రోజు నాలుగు గంటలు పట్టింది. యేసయ్య నొక్కడం, సత్యవతి తీర్పు చెప్పడం. తెల్ల తెర ఆమె కళ్లలో పొడిచింది. నల్ల తెర మీద పసుపు అక్షరాలు పెడితే ఆమె ముఖం విప్పారింది. తెర కింద బొమ్మల వరుస ఊరికే అడ్డమని పీకేశారు. పాటలు తెరవడానికి మూడు ప్రోగ్రాములు చూశారు. మొదటిది తెరుచుకుంటూనే ఉంది.

"గిది తెరిసేటాలకు చర్చిల ప్రార్థన గూడ అయిపోతది," అంది సత్యవతి.

రెండోదాని నిండా బటన్లే. మూడోది ఒట్టి పలక. అదే ఖాయమైంది. లావుపాటి తెలుగు అక్షరాలు ఏరుకుని వాటిని నలభై సైజు చేశారు.

తెల్లవారి తెరిస్తే ఏముంది, మళ్లీ తెల్ల తెర, చీమల్లాంటి అక్షరాలు! సత్యవతి "అయ్యో దేవా" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. యేసయ్య మాత్రం చలించలేదు.

"కొత్త షిఫ్టు గదనే! నిన్నటి చెకింగ్ ఇయ్యాల్టికి చెల్లుతదా?"

ఆయన నిన్నే ఒక నోటుబుక్కులో పద్నాలుగు పనులు వరుసగా రాసి పెట్టాడు. ఒక్కొక్కటే గట్టిగా చదవడం, చెయ్యడం. పక్కనుంచి సత్యవతి "ఊఁ, అయింది" అనడం. అట్లా రోజూ చేశారు. నాలుగు గంటల పని గంటకు దిగింది, ఆపైన పది నిమిషాలకు దిగింది. కూతురు ఫోన్‌లో "నడుస్తున్నదా బాపు?" అంటే, "ఫికర్ లేదు బిడ్డా, పొద్దుగాల లేస్తనే తయారు చేస్తున్న," అనేవాడు. ఆ పిల్ల ఏమర్థం చేసుకుందో ఏమో!

ఈ తనిఖీ మొదలై పంతొమ్మిదో రోజు, శనివారం. కెరోలిన్ వచ్చింది, బాపు తనిఖీ చూసింది, మంచం మీద పడి కళ్ల నీళ్లు కారేలా నవ్వింది.

"బాపూ! పెన్‌డ్రైవ్ మీద నడిపితే బంద్ చెయ్యంగనే అన్ని మర్చిపోతది. రోజు గిదే చేస్తున్నవా? లోపలికి ఎక్కియ్యాలె అని చెప్పిన గదా!"

యేసయ్య ముఖం చిన్నబోయింది. ముప్పై నాలుగేళ్లలో తన రిపోర్టు తప్పని ఏ మేనేజరూ అనలేదు. నోటుబుక్కు మూసి గుమ్మంలోకి వెళ్లి కూర్చున్నాడు.

అరగంటలో కెరోలిన్ లినక్స్‌ను లోపలికి ఎక్కించింది. తెరిచి చూస్తే మళ్లీ తెల్ల తెరే, చీమల అక్షరాలే.

"అమ్మా, ఎక్కిచ్చినంక ఒక్కసారి అన్ని కొత్తగ పెట్టుకోవాలె. నా బస్సుకు టైమైతుంది, రేపు ఎగ్జామ్ డ్యూటీ ఉన్నది. వచ్చే వారం చేద్దాం."

వచ్చే వారమా! రేపటి ఆదివారంతో నెల గడువు అయిపోతుంది. సత్యవతి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"బస్సు ఏడికి పోదు. నేను చెప్తా, నువ్వు నొక్కు. తెర మీద మూలకు ఎలుక బొమ్మ ఉన్నది సూడు, దాని మీద నొక్కు. సెట్టింగ్స్‌లకు పో. కింద వరుస తీసెయ్. తెర నల్లగ చెయ్..."

పుస్తకం లేదు, తడబాటు లేదు. మూడోది దాటింది, ఏడోది దాటింది, పదకొండోది దాటింది. యేసయ్య గుమ్మంలోంచి లేచొచ్చి నోటుబుక్కు తెరిచి సరిచూసుకుంటూ నిలబడ్డాడు. ఒక్కటీ తప్పలేదు! పద్నాలుగోది అయ్యేసరికి నల్ల తెర మీద పసుపు పాట నిండుగా నిలబడింది.

"బంద్ చేసి మల్ల తెరువు," అన్నాడు యేసయ్య. సర్దారు కదా, నమ్మడు. మళ్లీ తెరిస్తే పసుపు అక్షరాలు అట్లాగే ఉన్నాయి. ఆయన నోటుబుక్కులో తేదీ వేసి, సంతకం పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు.

"మూడో చరణం రాదంటివి గదనే! పద్నాలుగు చెప్తివి!"

సత్యవతికి సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బ్యాగు భుజానికి తగిలించుకుంటున్న కూతురి చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, పోయే ముందు పాస్టరమ్మకు ఫోన్ కలిపియ్యి. పుస్తకం ఇస్తలేనని చెప్పాలె."