పుష్పలతక్క పేరుతో వెళ్ళిన కరివేపాకు

ఇంటిల్లిపాదీ ఒకే బ్రష్షుతో పళ్ళు తోముకుంటే ఎలా ఉంటుందో, ఒకే మెయిల్ ఖాతా వాడుకుంటే అచ్చం అలాగే ఉంటుంది. అంగలకుదురులో మా పక్కింటి పుష్పలతక్క వాళ్ళది అలాంటి ఇల్లు. గ్యాసుకీ, కరెంటు బిల్లుకీ, పిల్లల హాల్ టికెట్లకీ ఒకటే ఖాతా. ఎప్పుడో అక్క బావగారు, అంటే మొగుడి అన్న, రిటైరైన టీచరు దేవసహాయం తెరిచాడు. అక్క ఫోనులోనూ అదే, ఆయన ఫోనులోనూ అదే. ఆయనకొచ్చే మొలల మందు ప్రకటనల మధ్యలో అక్కకొచ్చే గౌన్ల కొలతలు. చూస్తేనే నాకు కంపరం.

చర్చి పాటల బృందానికి గౌన్లు కుట్టాలంటే పుష్పలతక్కే కుట్టాలి. రేపల్లెలో ఒక చర్చివాళ్ళు ఆవిడ గౌన్లు తొడుక్కున్నాక, అప్పటిదాకా గాడిదల్లా ఓండ్రపెట్టినవాళ్ళు కూడా కోయిలలైపోయారు. నమ్మనివాళ్ళు రేపల్లె ప్యాసింజరెక్కి వెళ్ళి వినొచ్చు. అంత పనిచేసినా ఆ గౌన్ల మెడ వెనక ఉండేది తెనాలి బట్టల షాపువాడి లేబులు. నడుం విరిగేది ఈవిడకి, పేరు వాడికి. ఛీ.

ఆ రోత వదిలే రోజొచ్చింది. బాపట్లలో ఒక ప్రైవేటు నర్సింగు కాలేజీవాళ్ళు ఆడపిల్లలందరికీ తెల్లకోట్లు కుట్టించాలనుకున్నారు. దేవసహాయంగారి కూతురు బ్లెస్సీ అక్కడే హాస్టల్లో ఉండి చదువుతోంది. కబురు తెచ్చింది ఆ పిల్లే. అక్క పంపిన శాంపిలు కోటు వాళ్ళకు నచ్చింది. ఈ ఆర్డరొస్తే అక్క తన పేరుతో లేబులు వేసుకుంటుంది, షాపువాడి గడప తొక్కక్కర్లేదు. కానీ కాలేజీలో కొనుగోళ్ళు చూసే బసవేశ్వరరావు ఒక మెలిక పెట్టాడు.

"ఉచిత ఖాతాల నుంచొచ్చే మెయిళ్ళు మేం చూడమమ్మా. మీ కంపెనీ పేరుతో అడ్రసుండాలి."

అప్పుడు నేను దిగాను. తెనాలి స్టేషను ఎదురుగా సెల్ షాపు నాది. చచ్చిన ఫోను నా షాపు ముందు నుంచి వెళ్తే చాలు, దానంతటదే మోగుతుంది.

"అక్కా, దీనికి వేరే ఖాతా తెరుద్దాం. ఆయన బురదలో నువ్వెందుకు?" అన్నాను.

"ఉన్నది ఉండగా ఇంకోటెందుకురా? అన్నీ ఇందులోకే వచ్చేట్టు చెయ్యి."

కంపెనీ పేరుతో అడ్రసు కొన్నాం. దానికొచ్చే ఉత్తరాలు ఇంటి ఖాతాలోకే వచ్చేట్టు, ఇక్కణ్ణించి పంపేవి కంపెనీ పేరుతో వెళ్ళేట్టు కలిపాను. అడ్రసు నీదేనా అని అడిగే కోడు అటునుంచి బయల్దేరకముందే నేనిటు కొట్టేశాను, నా వేళ్ళ వేగం అలాంటిది.

"పంపినప్పుడల్లా పేరు మార్చుకోవాలంటే నేను మర్చిపోతానురా. ఎప్పుడూ కంపెనీ పేరే ఉండేట్టు పెట్టు," అంది అక్క.

"మరి మీ బావగారు రాసినా కంపెనీ పేరుతోనే పోతుందక్కా."

"ఆయన ఎవరికి రాస్తాడులే!"

రాశాడు. ఆ వారమే బ్లెస్సీ హాస్టల్ సాంబారు ఫోటో తీసి తండ్రికి పంపింది. అందులో తెల్లగా, లావుగా ఒక పురుగు. రైలెక్కితే టికెట్టు అడగాల్సినంత పురుగు. ఈయనకు ఒళ్ళు మండి, మీరు వండేది మనుషులకా పశువులకా అంటూ ఆ ఫోటో జతచేసి కాలేజీవాళ్ళని మెయిల్లో కడిగేశాడు. పేరు రాస్తే కూతురి మార్కులు కోస్తారని కింద 'ఒక తండ్రి' అని మాత్రం పెట్టాడు. ఆ తండ్రిగారి ఉత్తరం పుష్పలత గౌన్స్, అంగలకుదురు అనే పేరుతో వెళ్ళి వాలింది.

మర్నాడు బసవేశ్వరరావు ఫోను. "ఏంటమ్మా, కోట్లు కుట్టమంటే మా సాంబారు మీద పడ్డారేంటి? అదంతా అబద్ధమని అదే అడ్రసు నుంచి రాయండి. లేకపోతే ఆర్డరు సంగతి మర్చిపోండి."

అక్క బావగారి దగ్గరికెళ్ళి అడిగింది. వెనకే నేనూ వెళ్ళాను. ఆర్డరు పోయేట్టుందని కాదు, కాలేజీవాళ్ళు ఆరా తీస్తున్నారని వినగానే ఆయన ముఖం పాలిపోయింది.

"అది... కరివేపాకేమోనమ్మా," అన్నాడు.

"కరివేపాకుకి కాళ్ళుంటాయా అండీ?" అన్నాను.

"ఇంటర్ తప్పినవాడివి, నీకేం తెలుసురా!"

"తప్పలేదండీ, మానేశాను. నేనుంటే లెక్చరర్లు కుళ్ళుకుంటున్నారని."

అక్క ఏమీ తేల్చుకోకుండానే వచ్చి మిషను ముందు కూర్చుంది. కాసేపటికి మళ్ళీ ఫోను. ఈసారి బసవేశ్వరరావు గొంతులో తేనె. "సంతోషమమ్మా, మీ మెయిలందింది. సోమవారం ఆర్డరు పంపిస్తాం."

ఏ మెయిలు? తెరిచి చూస్తే, దేవసహాయం తన ఫోను నుంచి పంపేశాడు. అది పురుగు కాదనీ, కరివేపాకనీ, తమ సంస్థ చేసిన పొరపాటును మన్నించాలనీ.

ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. "చూశావా అమ్మాయ్, నీ ఆర్డరు నిలబెట్టాను. కాస్త టీ పెట్టు."

అక్క మిషను వైపు చూసింది. తన పేరు నేయించిన లేబుళ్ళ చుట్ట మిషను మీదే ఉంది. నోరు మూసుకుంటే చాలు, సోమవారం ఆర్డరు చేతికొస్తుంది. లేచి టీ పెట్టింది కూడా.

టీ చల్లారకముందే బ్లెస్సీ ఫోను చేసింది.

"పిన్నీ, నువ్వు చూశావా దాన్ని? చూడకుండా కరివేపాకని ఎట్టా రాశావ్? భోజనాల దగ్గర వార్డెనమ్మ నీ మెయిల్ చదివి వినిపించింది. ఫోటో తీసిన అబద్ధాలకోరు ఎవరో లేచి నిలబడమంటోంది. ఇవాళ కూడా అదే సాంబారు పోశారు పిన్నీ."

అక్క ఫోను పెట్టేసి మెయిల్ తెరిచింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసి, పైకి చదివింది. "మొదటి ఉత్తరం నేను రాయలేదు, కానీ అది నిజం. రెండోది కూడా నేను రాయలేదు, అది అబద్ధం. ఇది నేను రాస్తున్నాను. అది పురుగే. పుష్పలత."

"అమ్మాయ్, ఆర్డరు పోద్ది!" అని దేవసహాయం లేచాడు.

"పోనివ్వండి బావగారూ. నా పేరు మీద మీరు కక్కారు, మళ్ళీ మీరే ఎత్తి నోట్లో పెట్టుకున్నారు. కడుక్కోవాల్సింది నేనేగా," అని పంపేసింది.

ఆర్డరు పోయింది. లేచి నిలబడమన్న వార్డెనమ్మ మళ్ళీ ఆ మాటెత్తలేదట. సాంబారు మారిందో లేదో తెలీదు, బ్లెస్సీ మాత్రం పెరుగన్నంతో సరిపెట్టుకుంటోంది. శాంపిలు కోటు కొరియర్లో తిరిగొచ్చింది. మడత విప్పితే కోటు చేతి మీద పచ్చగా వేళ్ళ ముద్రలు. అన్నం తిన్న చెయ్యి ఎవడో దానికే తుడుచుకున్నాడు. అక్క దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, మెడ వెనక తన పేరున్న లేబులు ఊడదీసుకుని, మిగతాది చెత్తబుట్టలో వేసింది.

ఆ లేబులు రేపల్లె పంపే గౌనుకి కుట్టింది. షాపువాడు అడిగితే తనే చెప్పుకుంటానంది. తర్వాత నావైపు తిరిగి, "ఒరే, ఆ వేరే ఖాతా తెరిచి కంపెనీ అడ్రసు అందులోకి మార్చు," అంది. ఆవిడ మాట పూర్తయ్యేలోగా మార్చేశాను.

రెండ్రోజులకు దేవసహాయం షాపుకొచ్చాడు. "అబ్బాయ్, పుష్పలతకొచ్చే మెయిళ్ళు నా ఫోన్లోకి రావడం లేదేంటి?"

"కరివేపాకు అడ్డం పడుంటుందండీ," అని ఆయన ఫోను తుడిచి చేతికిచ్చాను. తర్వాత నా చెయ్యి సబ్బుతో కడుక్కున్నాను.