మంగళవారం వచ్చే ఆర్డర్ అన్న

ముడిమ్యాల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను దుకాణంలో పప్పు తూకం వేస్తున్నాను. "మా మామ పోయిండక్కా. పొద్దుగాల, దవాఖానలనే" అన్నాడు ఆర్డర్ అన్న అల్లుడు. ఎదురుగా నిలబడిన ఆమెకు పప్పు ఇచ్చానో లేదో నాకు గుర్తు లేదు.

చేవెళ్లలోని ఒక హోల్‌సేల్ కంపెనీలో ఆయన ఆర్డర్లు రాసుకునే మనిషి. బియ్యం, నూనె, సబ్బుల నుంచి మేకులు, తాళ్లు, బకెట్ల దాకా ఆ కంపెనీ మావంటి చిన్న దుకాణాలకు సరుకు పంపేది. మంగళవారం ఆయన మొపెడ్ మీద మొయినాబాద్ వైపు ఊళ్లన్నీ తిరిగేవాడు. బుధవారం వ్యాన్‌లో సరుకు దిగేది. మా అందరికీ ఆయన ఆర్డర్ అన్న.

మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊళ్లో మా దుకాణం నా భర్త పెట్టింది. ఆయన గుండెపోటుతో పోయిన మూడు వారాలకు తెరిచి కూర్చున్నాను గానీ, ఏం తెప్పించాలో నాకు తెలియదు. ఆ మంగళవారం అన్న పుస్తకం తీయలేదు. లోపలికి వచ్చి నన్ను అరల ముందు నిలబెట్టాడు.

"దుమ్ము దేనిమీద ఉన్నదో చూడు చెల్లె. దుమ్మున్నది మళ్ల రాయకు. ఖాళీ అయింది రాయి."

సరుకు అమ్మడమే ఆయన ఉద్యోగం. అయినా నేను రాయించిన వాటిలో సగం తానే కొట్టేసేవాడు. దుకాణం నడపడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. టీ ఇస్తే సాసర్‌లో పోసుకొని నిలబడే తాగేవాడు. కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి కాదనేవాడు.

తర్వాత ఐటీ కంపెనీల హోరు మా దాకా వచ్చింది. పొలాలు వెంచర్లు, ఫామ్‌హౌస్‌లు అయ్యాయి. భూములు అమ్ముకున్నవాళ్లు పట్నం వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మొయినాబాద్‌లో కొత్తగా తెరిచిన సూపర్‌మార్కెట్ బాట పట్టారు.

"ఇగ బంద్ జేస్త అన్నా. పొద్దందాక కూసుంటే పది మంది గూడ వస్తలేరు" అన్నాను ఒకరోజు.

ఆయన మొపెడ్ అక్కడే వదిలేసి, ఊరి బయట కడుతున్న విల్లాల పక్కన రేకుల షెడ్ల వైపు నడిచి వెళ్లాడు. బీహార్, ఒడిశా కూలీలు అక్కడ ఉండేవాళ్లు. గంట తర్వాత చొక్కా తడిసిపోయి తిరిగి వచ్చాడు.

"వాళ్లకు ఆవనూనె గావాలె. ఈడ దొరకక తిప్పలు పడుతున్నరు. అటుకులు, సత్తుపిండి, చిన్న సబ్బులు గూడ రాస్తున్న. జర హిందీ నేర్చుకో. ఫికర్ జెయ్యకు."

కంపెనీలో ఆవనూనె లేదు. బేగంబజార్ నుంచి తెప్పించి మరీ వ్యాన్‌లో వేయించాడు. ఆ ఏడాది నన్ను నిలబెట్టింది ఆ నూనే.

నిలబడనిది ఆయన కంపెనీ. దారి పొడవునా దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరికి సేటు గోదాం జాగా వెంచర్ వాళ్లకు అమ్మేశాడు. ఫోన్‌లో చెబితే సరిపోయేది. అన్న మాత్రం ప్రతి దుకాణానికీ వచ్చి చెప్పాడు. ఆ రోజు నేను కూర్చోమనకుండానే స్టూల్ మీద కూర్చున్నాడు.

"వచ్చే వారం నుంచి రాను చెల్లె. శంకర్‌పల్లిల ఒక హోల్‌సేలాయనతోని మాట్లాడిన. నీకు వ్యాన్ పంపుతడు."

"మరి నువ్వేం జేస్తవన్నా?"

"నాకేమున్నది. ఇంట్ల ఉంట."

టీ చల్లారిపోయింది. ఆయన తాగలేదు.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాడు, సత్తుపిండి పోతున్నదా అని. వచ్చి చూస్తానన్నాను. దసరా అయ్యాక అన్నాను, పెళ్లిళ్లు అయ్యాక అన్నాను. ఊపిరితిత్తులు చెడి దవాఖానలో చేరాడని తెలిసినప్పుడు కూడా, ఆదివారం వెళ్దామనుకున్నాను. ఆయన శుక్రవారం పోయాడు.

ముడిమ్యాలలో ఆయన భార్య గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. నన్ను ఎప్పుడూ చూడలేదు.

"ఏ ఊరమ్మా?"

"హిమాయత్‌నగర్, వదినా."

ఆమె నా చేయి పట్టుకుంది. "ఆవనూనె చెల్లెవా? దుకాణం తెరిచే ఉన్నదా?"

"ఉన్నది వదినా" అన్నాను.

సాయంత్రం షేర్ ఆటోలో తిరిగి వస్తున్నాను. బేరాలు జోరుగా సాగే వేళ. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా, అన్న ఆర్డర్లు రాసుకున్న దారిలో మిగిలిన చిన్న దుకాణాలన్నీ షట్టర్లు సగానికి దించి ఉన్నాయి. లోపల లైట్లు వెలుగుతున్నాయి. సంచులు పట్టుకొని జనం బయట నిలబడి ఉన్నారు. ఎవరూ షట్టర్ ఎత్తమని అడగడం లేదు.