మారు తాళంచెవి లేని గొంతు

బస్టాండు వెనక సందులో చెక్క డబ్బా కొట్టు పెట్టుకుని తాళాలు బాగుచేసే ఆయన్ని అందరూ తాళాల బాబాయ్ అనే పిలుస్తారు. తాళంచెవి పారేసుకుని బిక్కమొహం వేసుకొచ్చినవాళ్ళకి ముందు నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాతే ఆకురాయి చేతిలోకి తీసుకుంటాడు. నోరు దురుసు, మనసు మెత్తన. ఆయన చేతికి లొంగని తాళం ఊళ్ళో లేదని పేరు.

ఆయనకో పట్టింపు ఉంది. ఊరందరికీ మారు తాళంచెవులు చేసిపెడతాడు గాని, తన ఇంట్లో ఏ తాళానికీ రెండో చెవి ఉండనివ్వడు. పని నేర్పిన గురువు పెట్టిన నియమం అది. తాళాల మిస్త్రీ ఇంట్లో మారు తాళంచెవి కనబడితే అది ఎవరింటిదోనని అనుమానం పుడుతుంది. అనుమానం పుట్టాక ఇక పిలిచి పని చెప్పేదెవరు?

స్మార్ట్‌ఫోను కొన్నాక కూడా ఆ బుద్ధి పోలేదు. తెలియని నంబరు నుంచి లింకు వస్తే ముట్టుకోడు. అప్‌డేట్ వచ్చిందంటే ఆ రోజే చేయిస్తాడు. టార్చిలైటు యాప్ ఒకటి ఫోన్లో ఉన్న నంబర్లు చూస్తానని అడిగితే "లైటుకి మా చుట్టాలతో ఏం పని?" అని తీసిపారేశాడు. అదంతా చూసి పక్క సెల్లు షాపు అమ్మాయి ముచ్చటపడేది. ఒక్క విషయంలోనే ఇద్దరికీ కుదిరేది కాదు.

"బాబాయ్, ఫోన్లో ఉన్నవాటికి ఇంకోచోట కాపీ పెట్టించుకో. రేపు ఫోనుకేదైనా అయితే?"

"కాపీ అంటే మారు తాళంచెవేగా తల్లీ. మా ఇంటావంటా లేదు" అనేవాడు. ఆ అమ్మాయి నవ్వి ఊరుకునేది.

ఆ ఫోన్లో ఆయన దాచుకున్నది భార్య గొంతు. ఆమెకు గొంతులో పాడు జబ్బేదో వచ్చి, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆపరేషన్‌కు ముందు ఆమె కొట్టుకు చేసిన ఫోన్లన్నీ ఆయన రికార్డు చేసి పెట్టుకున్నాడు. గొప్ప మాటలేం కావు. "ఏవండోయ్, భోజనం చల్లారిపోతోంది, ఆ తాళాలెక్కడికీ పారిపోవులెండి" అని ఒకటి. పక్కింటి కుక్క ఈయన చెప్పు ఎత్తుకుపోయిందని చెప్పబోయి, నవ్వు ఆగక మధ్యలోనే ఫోను పెట్టేసినది ఇంకొకటి.

కొట్లో ఖాళీ దొరికినా, ఇంటికొచ్చినా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని అవే వినేవాడు. మాట లేని ఆ ఇల్లాలు ఆయన్ని పిలవాలంటే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేది. చెవుల్లో అవి పెట్టుకున్నవాడికి గ్లాసు చప్పుడేం వినబడుతుంది? దగ్గరికొచ్చి భుజం తట్టేది. "ఉండవే, ఒక్క నిమిషం" అనేవాడు కళ్ళు తెరవకుండానే. ఎదురుగా మనిషిని పెట్టుకుని మనిషి గొంతు కోసం వెతుక్కోవడం ఏం న్యాయమో ఆయనకే తెలియాలి.

ఒక సెలవు రోజు ఆయన స్నానానికి వెళ్ళాడు. ఫోను బల్లమీద ఉంది. ఆయన వేలుముద్ర కాక దానికి తెలిసిన వేలు ఆమెదొక్కటే. అందులోని వాట్సాప్‌లో, గొంతు ఆపరేషన్ అయినవాళ్ళంతా చేరిన గ్రూపులోకి ఎవరో ఒక లింకు పంపారు. ఆమె దాన్ని నొక్కింది. కొత్త యాప్ ఒకటి దిగి, నంబర్లు చూడనిమ్మంది, మెసేజీలు చదవనిమ్మంది, చివరికి స్క్రీను తాళం కూడా తన చేతికిమ్మంది. అన్నిటికీ ఆమె సరే అంది.

తల తుడుచుకుంటూ వచ్చి చూస్తే ఫోను తెరుచుకోదు. ఆయన పెట్టుకున్న తాళం నంబరు పనిచేయదు, వేలుముద్రా పనిచేయదు. డబ్బు పంపితేనే తెరుస్తామని తెర నిండా ఎర్రటి అక్షరాలు.

"ఏం చేశావే దీన్ని? ఊరంతటికీ నేను తాళాలేస్తుంటే, నా ఇంటి తలుపు నువ్వు తీసి పెడతావా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!"

మాటకు పది మాటలు అప్పజెప్పిన మనిషి ఆమె ఒకప్పుడు. ఇప్పుడు గోడకానుకుని నిలబడి అన్నీ పడింది. ఆయన చెప్పులేసుకుంటుంటే పలకా బలపం సంచీలో వేసుకుని వెనకాలే నడిచింది.

సెల్లు షాపు అమ్మాయి ఫోనుతో చాలాసేపు కుస్తీ పట్టింది. "లోపలికి దూరినవాడు తాళం మార్చేశాడు బాబాయ్."

"మారిస్తే తెరవలేమా? నా బతుకే అది కదమ్మా!"

"ఇది ఆకురాయికి లొంగే తాళం కాదు. వాళ్ళకి డబ్బు పోసినా తెరుస్తారన్న నమ్మకం లేదు. మొత్తం తుడిచేసి మళ్ళీ కొత్తగా మొదలుపెట్టడమే. ఇంకెక్కడైనా కాపీ..." అంటూ ఆగిపోయింది. ఆయన సంగతి ఆ అమ్మాయికి తెలియనిదా?

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నీ గొంతు పోతుందే" అన్నాడు భార్యతో. ఈసారి ఆ మాటలో కోపం లేదు.

ఆమె పలక తీసి ఒళ్ళో పెట్టుకుని రాసింది. "మీరు ఆ గొంతుకే పలుకుతున్నారు."

కొంగుతో తుడిచి మళ్ళీ రాసింది. "పాత రికార్డులుంటే చాలు, టైపు చేస్తే ఆ గొంతుతోనే మాట్లాడే యాప్ అన్నారు. ఒక్కసారి పిలుద్దామనుకున్నాను."

ఆయన ఆ అక్షరాల్ని పదేపదే చదువుకున్నాడు. గ్లాసు మీద చెంచా చప్పుళ్ళన్నీ ఇప్పుడు వినబడ్డాయి. జనం వచ్చిపోయే షాపులో, పరాయి పిల్ల ముందు, సిగ్గు విడిచి ఏడ్చాడు. ఆమె కూడా ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. పోయేది ఆమె గొంతు. ఆమెకు మాత్రం అది ఇంకెక్కడుందని? ఇన్నాళ్ళలో ఒక్కసారైనా ఆ రెండో ఇయర్‌ఫోను ఆమె చెవిలో పెట్టాలని ఆయనకు తట్టలేదు.

"నీదే కదా, నువ్వే చెప్పు" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని బలపం కదిపింది. "తుడిపించండి."

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన అలవాటు కొద్దీ జేబులోంచి ఫోను తీసి, అందులో ఏమీ లేదని గుర్తొచ్చి బల్లమీద పెట్టేశాడు. వంటింట్లో గ్లాసు టింగుమంది.

"వస్తున్నా!" అని పరుగెత్తాడు.

కంచం ముందు కూర్చుని ఆమెనే చూశాడు. "ఏవండోయ్ అనేదానివి కదూ? చివర సాగదీసేదానివా, తుంచేసేదానివా?"

ఆమె పెదాలు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏవండోయ్" అన్నాడు తనే, సాగదీసి. ఆమె కాదన్నట్టు తల ఊపింది. తుంచి అన్నాడు. అదీ కాదంది. గొంతు సన్నం చేసి ఒకసారి, నవ్వు కలిపి ఒకసారి, ఎన్ని రకాలుగా అన్నా ఆమె తల అడ్డంగానే ఊగింది. ఆయన అంటూనే ఉన్నాడు. భోజనం చల్లారిపోయింది.