జిలేబీ అన్నారు నా పేరుని

మా చిన్నప్పుడు... ఉక్కు ప్లాంటు వాళ్లిచ్చిన సెక్టర్ 4 క్వార్టర్ వరండాలో దబ్బనం పట్టుకుని నేను కాగితాలు కుడుతుంటే, మా నాన్న డ్యూటీ నుంచి వచ్చి, "గోనె సంచులు కుట్టే పనిలో సేరినావేటే?" అని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. గోనె సంచి కాదది... నా బొమ్మల పుస్తకం.

డెబ్బైల నాటి మాట. ప్లాంటులో పాత డ్రాయింగ్ కాగితాలు చెత్తలో పడేసేవారు. ఒకవైపు నీలం, రెండోవైపు తెలుపు. వాటిని అడిగి తెచ్చిపెట్టింది నాన్నే, ఆ మాట ఒప్పుకోవాలి. రంగులు కొనిచ్చే రోజులు కావు. పసుపు వంటింట్లో ఉండేది, నీలిమందు బట్టల సబ్బు పక్కన ఉండేది. ఇక ఎరుపంటారా... కిటికీ రెక్కల మీద రోజూ పేరుకునే ప్లాంటు ఎర్ర దుమ్ము తీసి తుమ్మ జిగురులో కలిపితే చాలు. అమ్మ తిట్టుకుంటూ తుడిచే ఆ దుమ్ముతోనే చిమ్నీలు గీసేదాన్ని. ఖుర్సీపార్‌లో పెదనాన్న కొట్టు, సైకిలెక్కి షిఫ్టుకి పోయే నాన్న, బియ్యంలో రాళ్లేరే అమ్మ... అందరూ ఉన్నారందులో.

మిఠాయి డబ్బా కోసి అట్ట వేశాను. అంచులకు అమ్మ పాత జాకెట్టు గుడ్డ, మూలలకు విరిగిన గాజు ముక్కలు, చుట్టూ చమ్కీలు... మధ్యలో నా పేరు. వరలక్ష్మి.

ఊరు హిందీవాళ్లది, బడిలో అంతా హిందీయే, నాకు తెలుగు రాయడం రాదు. అమ్మ శ్రీకాకుళం దగ్గర ఐదో తరగతి దాకా చదివింది. నేల మీద ముగ్గుపిండి పోసి, నా వేలు పట్టుకుని దిద్దించింది. "సున్నా సుట్టేసి ఆపేత్తే ఎలాగే గుంటా? తలకట్టెట్టు. తలకట్టు నేకపోతే అది అచ్చరమేటి?" అనేది. 'క్ష్మి' ఒక పట్టాన లొంగేది కాదు, ఏడుపొచ్చేసేది. చివరికి కుదిరింది... ఎంత బాగా కుదిరిందో!

ఏడాదికోసారి బడిలో పిల్లల బొమ్మలు బల్లల మీద పెట్టి, అమ్మానాన్నల్ని పిలిచేవారు. ఆ ఏడు ప్రదర్శనకి ముందు డ్రాయింగ్ సార్ నా పుస్తకం పేజీలన్నీ తిప్పి బాగుందన్నారు. ఆ తర్వాత అట్ట చూశారు. "అరే, యే క్యా జలేబీ బనాయీ హై?" అన్నారు. క్లాసు క్లాసంతా గొల్లున నవ్వింది.

నా పేరండీ అది! జిలేబీ ఏంటి? పైగా హిందీలో రాసుకొస్తేనే బల్ల మీద పెడతానన్నారు.

ఇంటికొచ్చి వెక్కుతూ చెబితే నాన్న ఏం చేశాడో తెలుసా? నవ్వాడు. "నిజివేనే... జిలేబీనాగే ఉంది" అన్నాడు. ఖాకీ కాగితం తెచ్చి, మైదా బంక రాసి, నా పేరు మీద అంటించేశాడు. పైన హిందీలో రాసి, "ఇప్పుడందరికీ తెలుస్తాది" అన్నాడు. సార్ మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఆ నవ్వు మీద కోపం మాత్రం ఈరోజుకీ చల్లారలేదు.

అమ్మ చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది. "మీకు సిగ్గు నేదేటి? ఆళ్లు నవ్వితే నవ్వినారు... కన్నతండ్రి మీరూ పళ్లికిలిత్తారేటి?"

"ఇక్కడ బతకాలి కదే..." అని గొణిగాడు నాన్న.

ప్రదర్శన రోజు పొద్దున్నే బడికెళ్లి, తిన్నగా కుళాయి దగ్గరికి పోయాను. ఖాకీ కాగితం తడిపి, గోళ్లతో గీకి గీకి పీకేశాను. చమ్కీలు సగం ఊడిపోయాయి. పేరు కాస్త అలుక్కుంది కానీ తలకట్లతో సహా ఉంది. తెచ్చి బల్ల మీద పెట్టాను. సార్ చూశారు... బోర్లా తిప్పేసి వెళ్లిపోయారు.

అమ్మ అంతకుముందెప్పుడూ మా బడి గుమ్మం తొక్కలేదు. ఆ రోజు నాన్న వెనకాలే వచ్చింది. బల్లలన్నీ చూసుకుంటూ వచ్చి, దబ్బనం కుట్టు గుర్తుపట్టి ఆగింది. బోర్లా ఉన్న పుస్తకాన్ని వెల్లకిలా తిప్పింది. వేలు పెట్టి, అందరికీ వినబడేలా చదివింది... "వ... ర... ల... చ్చిమి."

సార్ వచ్చి మళ్లీ బోర్లించబోతే, అమ్మ అట్ట మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. "నా కూతురు పేరు సార్. సదవడం రాపోతే నన్నడగండి" అంది. సార్‌కి తెలుగు రాదు. ఆ చెయ్యి మాత్రం బాగానే అర్థమైంది. సాయంత్రం దాకా నా పుస్తకం వెల్లకిలా అలాగే ఉంది.

మొన్న స్మృతి నగర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఆ పుస్తకం మా మనవరాలికి చూపించాను. అమ్మమ్మా అనవే తల్లీ అంటే నానీ అంటుంది అది. అట్ట మీద 'వ' పైన, 'ర' పైన వేలు పెట్టి అడిగింది... "నానీ, టీచర్ నే ఆప్ కో రైట్ మార్క్ దియా థా?"

నా తలకట్లు! టీచరు పెట్టిన రైట్ మార్కులనుకుంది!

చిర్రెత్తుకొచ్చింది. ఆనాడు జిలేబీ అంటే కోప్పడడానికి ఎదురుగా ఒక మనిషైనా ఉన్నాడు. ఇప్పుడెవరి మీద పడను? ఎవరూ కాగితం అంటించలేదు... నా ఇంట్లోనే నా పేరు చదివేవాళ్లు లేకుండా పోయారు. లేచెళ్లి బియ్యప్పిండి తెచ్చి నేల మీద గుమ్మరించాను. "కూకో!" అన్నాను... అచ్చం అమ్మ గొంతే. పిల్ల బెదిరిపోయి కూర్చుంది.

మరి మీరో? మీ పేరు మన అక్షరాల్లో చేత్తో రాసి ఎన్నాళ్లైంది? కాగితం మీద రాసి, కింద కామెంట్లో ఫొటో పెట్టండి. ఇంగ్లీషులో పెట్టారంటే మాత్రం మర్యాదగా ఉండదు, ముందే చెబుతున్నా...

తలకట్టు మరిచిపోకండి.