సారు బయట, మేం లోపల

మా పీడీ సారు పోయిండని నిన్న పొద్దుగాల ఫోనొచ్చింది. కాలేజీల మాకు ఆటలు నేర్పిన సారు. ఫోన్ల దోస్తు ఏడుస్తాండు, నేనేమో "ఎవడు కొట్టిండు?" అని అడిగిన. నోట్లకెల్లి అదే వచ్చింది. "ఎవ్వడు కొట్టలేదురా, గుండె ఆగింది, నిద్రల పోయిండు" అన్నడు. ముందు సిగ్గయింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ మనిషి మంచం మీద పండుకొని పానం ఇడుస్తడని నేనెన్నడూ అనుకోలే.

మాది గౌడవెల్లి. కాలేజీ శామీర్‌పేట దాటినంక, లాల్‌గడి మలక్‌పేట్ దిక్కు. తొంభైలల్ల మా ఊళ్ళెకెల్లి ఇంజనీరింగ్‌ల చేరినోళ్ళు తక్కువ. చేరిన కొన్నాళ్ళకే సీనియర్లు నన్ను హాస్టల్ డాబా మీదికి ఎక్కించి బెల్టులతోటి కొట్టిన్రు. ఎందుకన్న అంటే, "మమ్మల్ని గూడ కొట్టిన్రు" అన్నరు, గంతే. అండ్ల ఒకడు, మూడో ఏడు సదివెటోడు, చెంప మీద గుద్దితే నా చెవులకెల్లి నెత్తురు కారింది. సారే స్కూటర్ మీద మేడ్చల్ దవాఖానకు తీస్కవోయిండు. "తోలు ఒలిచేస్తాను వెధవల్ని" అని దారి పొడుగునా తిట్టుకుంటనే నడిపిండు. ఆయనది కోస్తా, భాష వేరే, కోపం మాత్రం అచ్చం మా నాయినదే.

సారు సాధువేం గాదు. గ్రౌండ్‌కు ఆలస్యంగ వోతే విజిల్ తాడుతోటి వీపు మీద ఒక్కటేసెటోడు. వేసినంక "అన్నం తిన్నావురా?" అని అడిగెటోడు. తినలే అంటే ఇంకోటి తగిలిచ్చి క్యాంటీన్‌కు తోలెటోడు.

మల్లేడు కొత్త పిల్లలొచ్చే దినాలైనయ్. ఇగ మన వంతు అని మా బ్యాచంత ఎదురుజూస్తాంది. నాకు గూడ చెయ్యి గులగుల వెడ్తాంది. గప్పుడే సారు పిలిచి ఓరియెంటేషన్ పనికి వెట్టిండు. కొత్తోళ్ళకు రూములు చూపెట్టుడు, వాళ్ళ అమ్మానాయినలను బస్సెక్కిచ్చుడు, ఇగ పిల్లల ఎంబడే తిరుగుడు. ఆయన ఏరుకున్నోళ్ళంత పోయినేడు గట్టిగ తన్నులు తిన్నోళ్ళే. "వీళ్ళే ముందు కొడ్తరు సార్" అన్నరు మిగిలిన లెక్చరర్లు. "కొడితే నన్ను కొడతార్లెండి" అన్నడు. నాతోని ఏమన్నడంటే, "కోపం పోగొట్టుకోమనట్లేదురా. దాన్ని తీసుకెళ్ళి ఆ పిల్లల దగ్గర కాపలా పెట్టు."

ఒకనాడు అన్నాలైనంక పిల్లలను డ్రాయింగ్ హాల్‌కు తోల్కపోతుంటే ఫైనలియరోళ్ళు వరండాల అడ్డమొచ్చిన్రు. చేతులల్ల స్టంపులు, బెల్టులు. అందరికంటె ముందట నా చెవి పలగ్గొట్టినోడే. వచ్చుడు వచ్చుడే ఒక పిల్లగాని మూతి మీద కొడితే పళ్ళు రాలినయ్. నేను ఒకని చేతుల స్టంపు గుంజుకున్న. ఒర్రుడు ఇని ఉరికొచ్చిన సారు మమ్మల్ని అందరినీ మెడలు వట్టి హాల్లకు నూకిండు. "గొళ్ళెం పెట్టరా! నేను చెప్పేదాకా తియ్యొద్దు!" అని తను బయటనే నిలవడ్డడు.

లోపల పిల్లలు ఒగని మీద ఒగడు వడి ఏడుస్తాన్రు. సారు వీపు తలుపుకే ఆనిచ్చుకున్నట్టుంది, దెబ్బ వడ్డప్పుడల్ల తలుపు అదురుతాంది. తీస్తే వాళ్ళు పిల్లల మీద పడ్తరు. తియ్యకుంటే సారు సస్తడు. "సార్, తీస్తున్న!" అని ఒర్రిన. "తీశావంటే చంపేస్తా!" అన్నడు. ఇంకో దెబ్బ. ఏదో ఇరిగిన చప్పుడు. గొళ్ళెం మీద చెయ్యి వెట్టి అట్లనే నిలవడ్డ, తియ్యలే. నా బతుకుల గంత కష్టమైన పని మల్ల చెయ్యలే.

వాచ్‌మన్లు, క్యాంటీనోళ్ళు ఉరికొచ్చిన్రు. "ఇప్పుడు తియ్యి" అన్నడు సారు. తీస్తే ఎల్లెలుకల నా కాళ్ళ మీద వడ్డడు. మొఖమంత నెత్తురు, కుడి చెయ్యి మోచేతి కాడ తిరిగిపోయింది. నా చెవి పలగ్గొట్టినోడు దొరికిండు, ఇద్దరు వాచ్‌మన్లు వాణ్ణి బండల మీద అదిమి పట్టుకున్నరు. స్టంపు లేపిన. పుర్రె పలగ్గొడుదునే! సారు ఎడమ చేత్తోటి నా మడిమ పట్టుకున్నడు.

"నా చెయ్యి విరిగింది నువ్వు వాణ్ణి కొట్టడానికి కాదురా. నీకు దండం పెడతా, వదిలెయ్."

సారు బతిమిలాడుడు గదొక్కసారే విన్న. స్టంపు దూరం ఇసిరేసి, ఆయన పక్కనే కూలవడి మస్తు ఏడ్చిన.

వాణ్ణి కాలేజీల నుంచి తీసేసిన్రు. సారు చెయ్యి మల్ల సాపు కాలే, బంతి ఎడమ చేత్తోనే ఇసిరెటోడు. ఆ ఏడు మా బ్యాచ్‌ల ఎవ్వడు కొత్త పిల్లల మీద చెయ్యెత్తలే. మరుసటేడు పళ్ళు పోయిన పిల్లగాడు తనే వచ్చి, ఓరియెంటేషన్ పనికి నన్ను వెట్టుకోండ్రి అని సారును అడిగిండు. సారు వాని వీపు మీద ఒక్కటేసి, అన్నం తిన్నావా అని అడిగిండు.

నిన్న మేడ్చల్‌ల సారు ఇంటికి వోయిన. ఒకటే ముసురు. పాడె లేపెటప్పుడు నాలుగో భుజానికి ఒక మనిషి ముందుకొచ్చిండు. పొట్ట వెరిగింది, జుట్టు పల్చవడ్డది, అయినా గుర్తువట్టిన. వాడే. నా నెత్తురు మసిలింది. దగ్గరికి వోయి కాలర్ పట్టుకోబోతుంటే సారు భార్య అడ్డమొచ్చింది. "రానీ బాబూ. ఈయన దగ్గరికి వస్తూనే ఉండేవాడు" అన్నది. ఆ ముచ్చట సారు నాకెన్నడూ చెప్పలే.

నా కోపం వోయిందనుకుంటున్నరా? పోలే. పాడె ముందట నేనో దిక్కు, వాడో దిక్కు. రెండు చేతులూ పాడె మీదున్నయ్, ఏం జేస్త? కాలనీ దాటినంక బురదల వాని కాలు జారింది. పాడె ఒరిగింది, సారు తల పక్కకు వాలింది.

"సరిగ్గ పట్టుకోరా!" అని ఒర్రిన. ఇన్నేండ్లకు వానితోని నేనన్న మొదటి మాట గదే.

వాడు భుజం ఇంకింత లోపలికి దూర్చి పైకి లేపిండు. సారు తల మెల్లగ మల్ల నడిమికొచ్చింది.