బిక్షమ్మ నాలుక మీద మచ్చ

కట్టంగూర్ దగ్గర హైవే మీద పంక్చర్లు వేసే బిక్షమ్మకు నాలుక మీద మచ్చ ఉందనీ, ఆమె వద్దన్నాక కదిలిన లారీ ఇల్లు చేరదనీ డ్రైవర్లు చెప్పుకుంటారు.

ఎనిమిదో తరగతితో బడి మానేసి నేను ఆమె దగ్గర పనికి చేరాను. గాలి కొట్టే ముందు ఆమె ప్రతి చక్రం మధ్యన అరచెయ్యి ఆనించి చూసేది. బరువు పంచుకునే అదనపు ఇరుసు పైకి లేవకుండా బిగించి ఉన్న లారీలను తొందరగా పంపేసేది. వాటిలో బరువు ఎప్పుడూ అన్ని చక్రాల మీదా పడుతుంది. ఖాళీగా పోయేటప్పుడు టైర్లు అరగకుండా, క్యాబిన్‌లో బటన్ నొక్కితే ఆ ఇరుసు పైకి లేచే లారీలుంటాయి. వాటి కిందికి మాత్రం వంగి మరీ చూసేది.

మొన్న ఎండాకాలం డ్రైవర్ విజేందర్ అలాంటి లారీలో గ్రానైట్ బండలతో వచ్చాడు. లేచే చక్రాలు నేలకు జానెడు పైన వేలాడుతున్నాయి. వెనక చక్రం మీద పెట్టిన చేతిని బిక్షమ్మ చటుక్కున తీసేసింది.

"కాలిపోతాంది బిడ్డా. గా చక్రాలు దించి పో. లేకుంటే దిగుడుల బ్రేకులు పట్టయి."

"దించితే టైర్లు అరుగుతయని మా సేటు తిడ్తడు. జర నీ నాలుక లోపట పెట్టుకో అత్తా" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

గంటలో కబురొచ్చింది. వాగు దగ్గరి దిగుడులో లారీ బోల్తా పడింది. విజేందర్ అక్కడికక్కడే పోయాడు.

"చెప్పలే? ఆమె నాలుకే మింగింది" అన్నారు టీకొట్టు దగ్గర.

నేనూ బిక్షమ్మా వెళ్లి చూశాం. ఆ చక్రాలు ఇంకా లేచే ఉన్నాయి. వాటికి మూడు నెలల కింద మేమే ఎక్కించిన టైర్ల మీద, కొత్త రబ్బరుకుండే సన్నటి వెంట్రుకలు ఒక్కటి కూడా అరగలేదు.