వారంటు వెనక వైపు

ఆమె భర్త ఆ జైల్లోనే వార్డరు. ఒక వేసవి మధ్యాహ్నం కాపలా బురుజు మీద డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. కొన్నాళ్లకు జైళ్ల శాఖ ఆమెకు గుమాస్తా ఉద్యోగం ఇచ్చింది. గోడ వెనక క్వార్టర్సులో రెండు గదులూ, వాటితో పాటు అత్తగారూ ఆమెకు మిగిలారు.

ఆమెను విడుదల విభాగంలో వేశారు. కోర్టు శిక్ష వేసి పంపిన వారంటు కాగితం చూసి, ఎవరు ఏ రోజు బయటికి వెళ్లాలో తేల్చడం ఆమె పని. పడిన శిక్షలోంచి, తీర్పుకు ముందు రిమాండులో గడిపిన రోజులు తీసేయాలి. ఒళ్లు వంచి పనిచేసినందుకూ, బుద్ధిగా ఉన్నందుకూ నెలనెలా ఇచ్చే మినహాయింపు రోజులు తీసేయాలి. ఆ మినహాయింపును బ్యారక్ హెడ్ వార్డరు సిఫారసు చేస్తాడు, డిప్యూటీ జైలరు సరే అంటాడు, సూపరింటెండెంటు సంతకం పెడతాడు. ఏడాదికోసారి ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీకి వస్తారు. ఎన్ని చేతులు మారినా తేదీ వేసేది మాత్రం ఆమె ఒక్కతే. ఖైదీల్లో ఆమె ముఖం చూసినవాళ్లు తక్కువ. అయినా లోపల ఆమెకు ‘తేదీలమ్మ’ అన్న పేరు పడిపోయింది.

“వాడు మనుషులకి కాపలా కాశాడు, నువ్వు తేదీలకి కాస్తున్నావు. ఏదీ పారిపోకుండా చూసుకో తల్లీ,” అనేది అత్తగారు.

పదిహేడేళ్లు ఏదీ పారిపోలేదు.

ఆ ఏడు తనిఖీకి ముందు ఆమె ఫైళ్లు దించి దుమ్ము దులుపుతోంది. ఒక కట్ట విప్పగానే అందులోని వారంటు జారి బోర్లా పడింది. దాని వెనక జడ్జి చేతిరాతతో ఒక్క వాక్యం: రిమాండులో ఉన్న నలభై రోజులు శిక్షలో కలపవలెను. ముందు వైపు రిమాండు రోజులు రాసే గడి ఖాళీగా ఉంది. అది ఏడాది కిందట వేరే జైలు నుంచి బదిలీ మీద వచ్చిన వడ్రంగి ఖైదీది. ఆమె మూడుసార్లు లెక్క వేసింది. అతను పంతొమ్మిది రోజుల కిందటే బయటికి వెళ్లాల్సినవాడు.

ఫైల్లో అతను పంపిన అర్జీ చీటీలు రెండున్నాయి. “అమ్మగారికి, నా లెక్క ప్రకారం నలభై రోజులు తేడా వస్తోంది. దయచేసి మళ్లీ చూడగలరు.” రెండింటి కిందా ఆమె రాతే: ‘సరిచూశాను. సరిగానే ఉంది.’ మొదటిసారి పని ఎక్కువై చూడలేదు. రెండోసారి, మొదటిసారి చూశాను కదా అనుకుని చూడలేదు.

ఆమె ఆ ఫైలు పట్టుకుని సూపరింటెండెంటు గదిలోకి వెళ్లింది. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇంకెవరికైనా చెప్పారా?”

“లేదండి.”

“మంచిది. ప్రత్యేక మినహాయింపు ముప్పై రోజుల దాకా ఇచ్చే అధికారం నాకుంది. మీరు వేసిన తేదీకి మిగిలిన ఇరవై ఒక్క రోజులూ ఇచ్చేస్తాను. ఇవాళే వెళ్లిపోతాడు. కాగితాలు శుభ్రంగా ఉంటాయి.”

“అతనికి చెప్పొద్దాండీ?”

“ఏం చెబుతారమ్మా? వెళ్లేవాణ్ని వెళ్లనివ్వండి.”

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చింది. విడుదల చీటీ రాసింది. గంట తిరక్కుండా వడ్రంగి సంచి చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. మంచి నడవడిక చూసి శిక్ష తగ్గించామని డిప్యూటీ జైలరు చెబితే, అతను సూపరింటెండెంటు గది వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. కిటికీలోంచి అది చూసినప్పటి నుంచీ ఆమెకు అన్నం సహించలేదు.

“కడుపులో ఏదో పెట్టుకున్నావు. అది బయటికొస్తే గానీ నువ్వు మనిషివి కావు,” అంది అత్తగారు నెల్లాళ్లు చూసి చూసి.

మర్నాడు ఆదివారం. ఫైల్లోని చిరునామా పట్టుకుని, రెండు బస్సులు మారి వెళ్లింది. రోడ్డు వైపు తెరిచిన గదిలో వడ్రంగి భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది.

“జైలు ఆఫీసులో పనిచేస్తానమ్మా. మీవారితో ఒక మాట చెప్పాలి.”

ఆవిడ మిషను ఆపలేదు. “ఇక్కడ లేడండి. వచ్చిన వారానికే పొమ్మన్నాను. వాళ్లక్క ఊళ్లో ఉంటున్నాడు.”

“ఎందుకమ్మా?”

“ఫలానా రోజు వస్తానని ఉత్తరం రాశాడు. పిల్లని చంకనేసుకుని వెళ్లాను. ఆ పేరు ఇవాళ జాబితాలో లేదన్నారు మీ గేటు వాళ్లు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాను. లోపల ఏదో వెలగబెట్టి ఉంటాడు, శిక్ష పెంచి ఉంటారు, నా దగ్గర దాచాడు అనుకున్నాను. తిరిగొచ్చి, నా తేదీ అదేనే, వాళ్లే వదల్లేదు అంటాడు. వదలాల్సినవాణ్ని ఎవరైనా ఉంచుకుంటారా అండీ?”

“ఉంచుకున్నాం,” అంది ఆమె. “తప్పు నాది. అతని లెక్కే సరైంది.”

మిషను ఆగింది. ఆవిడ చేతిలోని గుడ్డను మడత పెట్టింది.

“మా అన్నదమ్ముల ముందు నానా మాటలూ అన్నాను. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తల దించుకుని పోయాడు.” గుడ్డ పక్కన పెట్టి అడిగింది, “ఇప్పుడు చెప్పింది కాగితం మీద రాసిస్తారా?”

ఆమె రాసింది. తేదీలు వేసి, కింద తన పేరూ హోదా రాసి సంతకం చేసింది.

ఆ కాగితం భార్య వెళ్లి వడ్రంగికి చూపించింది. అతను చదివాడట. “నువ్వు అప్పుడు నమ్మాల్సింది,” అన్నాడట. ఇంటికి మాత్రం రాలేదు. ఆవిడ అన్నగారు ఆ కాగితాన్ని వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు. వకీలు ప్రధాన కార్యాలయానికి రాశాడు. అక్కడి నుంచి విచారణ అధికారి దిగాడు.

“ఈ సంతకం మీదేనా?”

“నాదేనండి.”

“ఎవరు రాయమన్నారు?”

“ఎవరూ చెప్పక్కర్లేదండి. ఆ రోజే అతని చేతికి ఇవ్వాల్సింది.”

విచారణ అయ్యాక సూపరింటెండెంటును వార్డర్ల శిక్షణ కేంద్రానికి బదిలీ చేసి పంపేశారు. వెళ్తూ వెళ్తూ ఆయన ఆమె బల్ల ముందు ఆగి, “మిమ్మల్ని కాపాడాలనే చేశానమ్మా,” అన్నాడు. అది నిజమే కావచ్చునని ఆమెకూ అనిపించింది. ఆమెను విడుదల విభాగం నుంచి తీసేసి, దుప్పట్లూ కంచాలూ జారీ చేసే స్టోరులో వేశారు. వార్డర్ల భార్యలు కుళాయి దగ్గర ఆమెతో మాటలు తగ్గించారు. అత్తగారు వాళ్లకు వినబడేలా రోజూ గొంతెత్తి కోడలిని పేరు పెట్టి పిలిచేది.

ఆరు నెలలకు, ప్రతి వారంటు వెనక వైపూ చూడాలని అన్ని జైళ్లకూ ఉత్తర్వు వచ్చింది. అలా చూస్తే వేర్వేరు జైళ్లలో ఇంకో ఏడుగురు తేలారు. అందులో ఇద్దరికి తేదీ ఎప్పుడో దాటిపోయింది. కంచాలు తీసుకోవడానికి వచ్చిన డిప్యూటీ జైలరు ఈ సంగతి చెప్పాడు.

“ఆ ఇద్దరి ఇళ్లకీ ఎవరైనా వెళ్లి చెప్పారాండీ?” అని అడిగింది ఆమె.

“ఉత్తర్వులో అలాంటిదేం లేదు,” అన్నాడాయన.

ఆమె కంచాలు అందించి, పుస్తకంలో ఆయన చేత సంతకం పెట్టించుకుంది. పదవీ విరమణకు ఇంకా తొమ్మిదేళ్లుంది. ఆ తొమ్మిదేళ్లూ ఆమె స్టోరులోనే ఉంది.